అవ్వ పెట్టెలోని పాఠం

బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది 1937లో. అదే ఏడాది అక్టోబరులో వార్ధా సభలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు చెప్పాలన్నారు. గోదావరికి అవతల, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో 1943లో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి.

మన చెరకు సీమ తాండాల్లో అలాంటి వాచకం అవ్వ పెట్టెలో ఉంది. కాంచళి మీది అద్దాల వరుసల్లో గుణకారం, సౌష్ఠవం కనిపిస్తాయి. గవ్వలేమో సముద్రానివి. ఇంత దూరం ఎలా వచ్చాయని పిల్లల్ని అడగండి. ఎద్దులపై ఉప్పు, ధాన్యం మోసిన బంజారాల చరిత్ర, రైళ్లొచ్చి ఆ బతుకుదెరువు పోయిన చరిత్ర బయటికొస్తాయి. కుట్టుపనిని డ్రాయింగు పీరియడుకు నెట్టేయడం నాకు నచ్చదు. కర్మాగారం 2015లో మూతపడింది గానీ, కుట్టు తెలిసిన అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్లను లెక్కల పీరియడుకే పిలవాలి.