కృష్ణా డెల్టా క్రైస్తవ జీవితంలో విడిచిపెట్టడం

ఆత్మీయ ఎదుగుదలకు అడ్డుపడే అలవాటునో ఆస్తినో భయాన్నో బంధాన్నో తెలిసి తెలిసి వదులుకోవడం కృష్ణా డెల్టా సంఘాల్లో విశ్వాస జీవితానికి తొలి గుర్తు. పరుగుపందెంలో దిగినవాడు బరువు దించుకోవాలని చెప్పే హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయం ఇక్కడి ఉజ్జీవ సభల ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. సాక్ష్యం చెప్పడానికి లేచినవారు ఏం విడిచిపెట్టారో ముందు చెబుతారు, ఏం పొందారో తర్వాత. అయితే అడ్డు ఏది అన్న ప్రశ్నకు నూట ఎనభై ఏళ్లలో జవాబు చాలాసార్లు మారింది. మనిషి కులాన్నిబట్టి, చేతిలో ఉన్నదాన్నిబట్టి మారింది.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం (బందరు) వచ్చారు. ఫాక్స్ ఊళ్లు తిరుగుతూ సువార్త చెప్పారు; ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లి 1848లో చనిపోయారు. నోబుల్ 1843లో బడి తెరిచి ప్రధానంగా పెద్దకులాల పిల్లలకు చదువు చెప్పారు. 1852లో ఆ బడి విద్యార్థులు మంచాల రత్నం, అయినాల భూషణం బాప్తిస్మం పుచ్చుకోవడంతో పట్టణం అట్టుడికింది, తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు. రత్నం బ్రాహ్మణులు. అలాంటి యువకుడు క్రైస్తవుడైతే ఇల్లు, భోజనపంక్తి, కన్నవాళ్లు ఒక్కరోజులో దూరమయ్యేవి. మతం మారినంత మాత్రాన వారసత్వపు హక్కు పోకూడదని ప్రభుత్వం 1850లోనే చట్టం చేసింది. కానీ వంటింటి గడప చట్టం చేతిలో లేదు. ఆ ఇద్దరూ 1864లో డీకన్లుగా అభిషేకం పొందారు. పెళ్లి చేసుకోకుండా, ఒక్కసారైనా ఇంగ్లండు తిరిగి వెళ్లకుండా 24 ఏళ్లు బందరులోనే గడిపిన నోబుల్ 1865లో అక్కడే కన్నుమూశారు. శిష్యుల్ని వదులుకోమన్నదానికన్నా ఆయన తాను వదులుకున్నది తక్కువేమీ కాదు.

రెండో ఘట్టం పల్లెలది. బెజవాడకు పడమట ఉన్న రాఘవాపురం మాలపల్లెలో పగోలు వెంకయ్య పేరుపడ్డ దొంగల నాయకులు. విగ్రహాల్లో దేవుడు లేడన్న మాట ఒకరి నోట విని, పూజలు మానేసి, అసలు దేవుడెవరో తనకు కనబడాలని ఏళ్ల తరబడి మొక్కుకున్నారని మిషను చరిత్రలు చెబుతాయి. పండగ స్నానాలకు బెజవాడ కృష్ణ ఒడ్డుకు వచ్చినప్పుడు, అడిగితే ఒక బ్రాహ్మణుడే మిషనరీ టి.వై. డార్లింగ్ దొర దగ్గరికి వెళ్లమన్నాడట. 1859లో వెంకయ్య, ఆయనతోపాటు మరికొందరు బాప్తిస్మం పొందారు. దోపిడీ మానుకోవడం సరే. ఈ కథలో ఎక్కువమంది గమనించని సంగతి, విగ్రహాలను విడిచిన మనిషికి చాలాకాలం వాటి స్థానంలో ఏమీ దొరకకపోవడం. ఆ ఖాళీని ఆయన ఓపికగా భరించారు. తర్వాత రాఘవాపురం మిషను కేంద్రమైంది, ఊళ్లకు ఊళ్లే సంఘంలో చేరాయి.

గుంపులుగా చేరినవాళ్ల దగ్గర వదులుకోవడానికి మేడలూ మాన్యాలూ లేవు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయి కాలవల కింద వరి విస్తరించింది. భూమి ఉన్నవాడికి అది సిరి, పాలేరుకు ఇంకో మడి నాట్లు. ఈ కూలి కుటుంబాలను ఉపదేశులు గ్రామదేవత జాతర, తాయెత్తు, చచ్చిన గొడ్డు మాంసం, కల్లు మానమన్నారు. జాతరలో డప్పు కొట్టడం మాదిగలకు ఆచారం మాత్రమే కాదు, కళ్లంలో గింజలు తెచ్చే ఊరి పని. డప్పు దించితే ఆ మేర పోతుంది, ఆదివారం నాట్లకు రానంటే రైతు కన్నెర్రజేస్తాడు. పొరుగున ఒంగోలు బాప్టిస్టు సంఘాలకూ ఇదే తగాదా ఎదురైంది. బందరు కుర్రవాళ్లు పోగొట్టుకున్నది గౌరవమైతే, వీళ్లకు పోయింది తిండి. చరిత్ర పుస్తకాలు మొదటిదాన్నే త్యాగమని పేరుపెట్టి ఎక్కువ పేజీలిచ్చాయి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. ఆయన దోర్నకల్ అధ్యక్ష మండలంలోకి కాలక్రమాన కృష్ణా జిల్లా సంఘాలూ వచ్చాయి. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాల్ని తరిమితేగాని సంఘం ఎదగదని ఆయన పట్టు. ఈ జాబితాలో అప్పును చేర్చడం నేల తెలిసినవాడి పని. పెళ్లికీ చావుకీ చేసిన బాకీతో తరాలపాటు రైతుకు కట్టుబడ్డ కుటుంబం పాపక్షమాపణ పొందినా బంధవిమోచన పొందలేదు. మరోవైపు అజరయ్య పేదలకు ఇవ్వడం కూడా నేర్పారు. గృహిణులు వంటకు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘం కోసం దాచేవారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక కృష్ణా-గోదావరి వేరే అధ్యక్ష మండలం అయింది.

కతోలికుల దారి వేరు. వారికి పాపసంకీర్తనం, తపస్సు కాలపు ఉపవాసం ఏటా తిరిగివచ్చే క్రమాలు; ఒకేసారి అన్నీ తెంచుకున్నానని సభలో ప్రకటించే అవసరం తక్కువ. 1924లో ఫాదర్ పి. అర్లాటి మరియమాత ప్రతిమను ప్రతిష్ఠించిన గుణదల కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవాల్లో లక్షలాది మంది వస్తారు. చాలామంది తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఇవే విడిచిపెట్టవలసిన పాత ఆచారాలని ప్రొటెస్టెంటు బోధకులు తప్పుపడతారు. జుట్టు ఇచ్చి మొక్కు తీర్చుకునే తల్లి మాత్రం తాను ఒకదాన్ని వదులుకున్నాననే అనుకుంటుంది.

1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘాన్ని వదిలి బైబిలు మిషను స్థాపించారు. గుంటూరు దగ్గర కాకాని దాని కేంద్రం. ఆయన బోధలో దేవుని సన్నిధి ముఖ్యం. గంటలకొద్దీ మౌనంగా దేవుని కోసం కనిపెట్టి, ముందు తలంపుల్ని శుద్ధి చేసుకోవాలి. అడ్డు బయటి వస్తువు నుంచి మనసు లోపలికి మారింది ఇక్కడే. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన బక్త్ సింగ్ పద్ధతి ఇంకొకటి. కెనడాలో క్రైస్తవుడై 1933లో బొంబాయిలో ఓడ దిగినప్పుడు, విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకొమ్మని తల్లిదండ్రులు అడిగితే ఆయన ఒప్పుకోలేదు. హైదరాబాదులోని తన కేంద్రం హెబ్రోను నుంచి ఆయన ప్రభావం తీరాంధ్ర జిల్లాల్లో బలంగా పాకింది. నగలు తీసేయడం, తెల్లబట్టలు, సినిమా మానడం ఆ సంఘస్థుల ఆనవాళ్లయ్యాయి. నేలమీద వరసగా కూర్చుని అందరూ కలిసి తినే ప్రేమవిందు అంతకన్నా విలువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నగ తీయడం కంటే పక్కవాడి కులం అడక్కుండా విస్తరి ముందు కూర్చోవడం డెల్టాలో కష్టం.

వదలనిది కులమే. మాల సంఘం, మాదిగ సంఘం అన్న తేడా చాలా ఊళ్లలో గుడి గోడల దాకా వచ్చింది. పెళ్లిసంబంధాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కల్లు మానిన ఇళ్లలో కట్నం మానలేదు. 1961 నుంచీ అది చట్టరీత్యా నేరమైనా పాస్టరుగారి సమక్షంలోనే లెక్క తేలిన పెళ్లిళ్లు ఉన్నాయి. శ్రమకాలపు నలభై రోజుల్లో మాంసం, సినిమా, ఇప్పుడైతే సెల్‌ఫోను మానేవారు కనిపిస్తారు. ఈ జాబితాలోకి కులం ఎక్కడం అరుదు.

రాజ్యాంగం వచ్చాక వదులుకోవడానికి కొత్త బరువు తోడైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషనుకు వస్తారు. అందువల్ల సంఘంలో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు ఉన్నవారు డెల్టాలో చాలామంది. ఇది దాచుకున్న పాపమని కొందరు కాపరులు ప్రసంగిస్తే, వెలివాడలోనే ఉంచిన దేశం ఆ వెలికి ఇచ్చిన పరిహారాన్ని మాత్రం ఎందుకు లాక్కోవాలని దళిత క్రైస్తవ సంఘాలు అడుగుతున్నాయి. హోదా కోరుతూ వేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.