గుత్తిలో మొదలైన చందా లెక్క

మన సంఘం చందా అందరికీ ఒకటే ఉండాలా, వద్దా అని క్రితం సర్వసభ్య సమావేశంలో గట్టిగానే వాదించుకున్నాం. ఇంటికి వెళ్తుంటే మన అనంతపురం జిల్లా గుత్తిలో జరిగిన ఒక పాత సంగతి గుర్తొచ్చింది.

1906లో అక్కడ వి. రామస్వామి అయ్యర్ డిప్యూటీ కలెక్టరు. ఉద్యోగం రెవెన్యూలో, మనసు గణితంలో. ఆ డిసెంబరు 25న ఆయన గణితం మీద ఇష్టమున్న మిత్రులకు ఉత్తరం రాశారు, ఒక సంఘం పెట్టుకుందామని. 1907 ఏప్రిల్ 4న 'అనలిటిక్ క్లబ్' ఏర్పడింది. ఇండియన్ మేథమేటికల్ సొసైటీకి అదే మొదలు. చందా ఏడాదికి 25 రూపాయలు. ఆ రోజులకు అది పెద్ద మొత్తమే.

అంత ఎందుకంటే, ఆ లెక్క సభ్యుడి జేబును చూసి కట్టింది కాదు, కొనాల్సిన సరుకును చూసి కట్టింది. విదేశీ గణిత పత్రికలు, పుస్తకాలు ఒక్కడు తెప్పించుకోగలిగేవి కావు. అందరి చందాతో తెప్పించి, పుణే ఫెర్గూసన్ కాలేజీలో ఉంచి, ఊరూరా ఉన్న సభ్యులకు తపాలాలో పంపేవారు. ఇంజనీరుగా నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ముందు ఎస్టిమేటు, తర్వాతే వసూలు!

కానీ ఇంకో లెక్క కూడా ఉంది. రామానుజన్ తొలి వ్యాసం 1911లో ఈ సంఘం పత్రికలోనే అచ్చయింది. మరుసటి ఏడాది మార్చిలో ఆయన మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. 1907 నాటి చందాను ఆ జీతంలోంచి తీస్తే, నెలంతా ఇల్లు గడపడానికి మిగిలేది అయిదు రూపాయలు. డిప్యూటీ కలెక్టరుకూ గుమాస్తాకూ ఒకే చందా అంటే, వినడానికి మాత్రమే సమానం.

తర్వాతి కాలంలో వృత్తి సంఘాలు జేబును కూడా చూడడం నేర్చుకున్నాయి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ చందాను ఆదాయాన్ని బట్టి అంచెలు చేసింది. మా ఇంజనీర్ల ఐ ట్రిపుల్ ఈ తక్కువ ఆదాయం ఉన్నవారికి సగం తగ్గించింది. తలసరి ఆదాయం తక్కువగా ఉన్న దేశాలవారికి చౌకగా ఎలక్ట్రానిక్ సభ్యత్వం కూడా పెట్టింది.

మన సమావేశంలో "అందరం ఒకే బడి పిల్లలం, తేడాలెందుకు?" అని ఒక మిత్రుడు అంటే చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. చందా కట్టలేక రావడం మానేసిన మా బ్యాచ్ వాళ్లిద్దరూ ఆ చప్పట్లు వినలేదు. వచ్చే సమావేశంలో మూడు అంచెల ప్రతిపాదన పెడుతున్నాను. ఎవరు ఏ అంచెలో కట్టారో కోశాధికారికి తప్ప మరెవరికీ తెలియకూడదన్నది అందులో మొదటి షరతు.