మిద్దె మీది బరువు

తొలకరి వాన పడిన మర్నాడు పొద్దున్నే తమ్ముడు మిద్దె మీదికి వచ్చాడు. కింద వాళ్ళ పడకగది కప్పుకి చెమ్మ దిగిందట. "అన్నా, గీ కుండీలన్ని తీసెయ్. స్లాబు ఉరుస్తున్నది. రేపు పెచ్చులూడి పిల్లల మీద పడితే ఎవలు జవాబు?" అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. వాడి భయం అబద్ధం కాదు. కానీ ఆ కుండీలలో మా అమ్మ పెంచిన మల్లె ఉంది, పారిజాతం ఉంది.

మాది శాలిబండ. 1904 నాటి గడియార స్తంభానికి నడిచి వెళ్ళేంత దూరం. ఆ సాయంత్రం దిగులుగా కూర్చుని, ఎప్పుడో చదివిన తవెర్నియే యాత్రా గ్రంథాన్ని మళ్ళీ తీశాను. ఈ ఫ్రెంచి రత్నాల వర్తకుడు పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. ఆయన పుస్తకం 1676లో పారిస్‌లో అచ్చయింది. మన ఊరిని ఆయన 'బాగ్‌నగర్' అని పిలిచాడు. అది భాగ్యనగరమా, బాగుల నగరమా అన్న పాత తగవులోకి నేను దిగను. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. రాజుగారి మహలు మిద్దెల మీద తోటలున్నాయని, వాటిలో పెద్ద పెద్ద చెట్లున్నాయని, అంత బరువును కింది కమానులు ఎలా మోస్తున్నాయో అని ఆశ్చర్యపోయాననీ ఆయన రాసుకున్నాడు.

చూశారా! మా తమ్ముడి ప్రశ్న మూడు వందల యాభై ఏళ్ళ నాటిది.

ఆ మహళ్ళు ఇప్పుడు లేవు. కానీ ఆ కాలపు కట్టడాల తీరు చార్మినారులోనూ, గోలకొండలోనూ నేటికీ చూడవచ్చు. రాయి, డంగుసున్నం, కమాను. కమాను మీద పడిన బరువు పక్కలకు జారి మందమైన గోడల్లోకి, అక్కడినుంచి నేలలోకి దిగుతుంది. 1591లో ఊరు కట్టినవారికి తోట అంటే ఊరి బయట ఉండే విలాసం మాత్రమే కాదు, ఇంటి నెత్తిన ఉండదగినది కూడా.

ఆ తరువాతి కథంతా తోట చిక్కిపోయిన కథే. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి... పేర్లలో బాగులు మిగిలాయి, నేల మీద చాలావరకు మిగలలేదు. మూసారాంబాగ్ పేరులో 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని మొస్యె రేమో దాగి ఉన్నాడు, తోట మాత్రం లేదు. పాతబస్తీలో తోట ఇంటి గోడల లోపలికి ముడుచుకుంది. మహారాజా కిషన్ పర్షాద్ వంటి వారి దేవిడీలు ఈ శాలిబండలోనే ఉండేవి. ఎత్తైన గోడలు, నడుమ ముంగిళ్ళు, హౌజులు. మా వంటి సామాన్యుల ఇళ్ళలో హౌజు బదులు చేదబావి, దాని పక్కన తులసికోట, గట్టు వారగా మల్లెపొద. హరిబౌలి, దూద్‌బౌలి అన్న పేర్లు వింటే ఈ పేటలు బావి నీళ్ళ మీద ఎంతగా బతికాయో తెలుస్తుంది. స్నానం చేసిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు కాలువ గుండా మొక్కల పాదుల్లోకే పోయేవి.

1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది. ఆ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. కొళాయి నీరు వచ్చింది. మంచిదే. కానీ కొళాయి వచ్చాక మా ఇంట్లో బావిని పట్టించుకున్న వారు లేరు. 1994లో వాటాలు పంచుకున్నప్పుడు ముంగిలి కూడా ముక్కలయింది. బావి పూడ్చారు. అమ్మ అంతకు ముందే మల్లె కొమ్మను వంచి, మట్టి కప్పి నేలంటు కట్టి పెట్టుకుంది. వేరు పట్టాక కోసి, కుండీలో పెట్టి ఈ మిద్దెకు తెచ్చింది. పారిజాతాన్ని సగానికి కోసిన డ్రమ్ములో పెంచింది.

మర్నాడు ఒక ఇంజనీరు మిత్రుణ్ణి పిలిపించాం. ఆయన చెప్పిన లెక్క విని నా అహం కొంత దిగింది. మనుషులు తిరిగే మిద్దెకు స్లాబు సొంత బరువు కాక చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల భారం లెక్కవేస్తారట. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న కుండీలో తడిమన్ను 35 నుంచి 40 కిలోలు తూగుతుంది. అలాంటివి చదరపు మీటరులో తొమ్మిది పేరిస్తే 300 కిలోలు దాటుతుంది. నా పారిజాతం డ్రమ్ము ఒక్కటే 150 కిలోల పైమాట, అదీ గది నట్టనడుమ! పైగా రాతి కమానులో లేని ఇనుప చువ్వ మన స్లాబులో ఉంది. నీరు దిగితే అది తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. తవెర్నియేను చూపి తమ్ముడి మీద గెలుద్దామనుకున్న నేను ఓడిపోయాను.

గచ్చు వాలు సరిచేయించి, నీళ్ళు తూము వైపు పోయేలా చేశాం. కుండీలన్నిటినీ గోడల మీదికి, దూలాల మీదికి వచ్చేలా అంచులకు జరిపాం. కింద ఇటుకలు పెట్టి గాలి ఆడనిచ్చాం. మన్ను తగ్గించి కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపాం. తోటకూర, పుదీనాలకు జానెడు లోతు తొట్లు చాలు. వేసవిలో పొద్దున్నే ఒకసారి, అవసరమైతే పొద్దుగూకాక మరోసారి నీళ్ళు, అదీ వేలితో మట్టి తడిచూసి.

మల్లె నిలిచింది. పారిజాతం నిలవలేదు. దానిని నలుగురం కలిసి దించి, బస్తీలోని ఒక గుడి ఆవరణలో నేలలో నాటాం. దించుతుంటే తమ్ముడే ముందు మెట్టు మీద బరువంతా మోశాడు. "అమ్మ చెట్టని నాకెరుక లేదానె?" అన్నాడు, నా వైపు చూడకుండా.

బాగు ముంగిలి అయింది, ముంగిలి కుండీ అయింది. ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరు దేన్ని వదలాలో, దేన్ని మోయాలో తేల్చుకునే ఉంటారు. రాజులకు కమానులుండేవి. మాకు నాలుగు అంగుళాల చిల్లర మందం స్లాబు, దాని కింద నిద్రపోయే పిల్లలు. మీ ఇళ్ళలోనూ పాత పెరటి నుంచి మిద్దెకెక్కిన మొక్క ఏదైనా ఉంటే, అది ఎక్కడిదో పిల్లలకు చెప్పండి. దాని బరువెంతో కూడా ఒకసారి చూసుకోండి.