చెమట పట్టడం కాదు, ఆరడం ముఖ్యం

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ళ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం. సంగతి మనకు రోజూ ఉన్నదే: చెమట. నీళ్ళు ఆవిరి కావడానికీ, ఎండలో మన ప్రాణం నిలవడానికీ ఉన్న లింకును మనుషులు ఎలా కనిపెట్టారో చూద్దాం.

1758లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంగ్లండులో ఉన్నాడు. అమెరికా వంద డాలర్ల నోటు మీద కనిపించే పెద్దమనిషి ఈయనే. కేంబ్రిడ్జ్‌లో జాన్ హ్యాడ్లీ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్‌తో కలిసి థర్మామీటర్ గుండును ఈథర్‌తో తడిపి, తిత్తితో గాలి ఊది ఆరబెట్టాడు. ఈథర్ అంటే ఇట్టే ఆవిరైపోయే ద్రవం. అలా తడుపుతూ ఆరబెడుతూ పోతే, 18 డిగ్రీల దగ్గరున్న థర్మామీటర్ సున్నా కిందికి దిగి మైనస్ 14కు చేరింది. గుండు చుట్టూ మంచు కట్టింది.

ఆ ఏడాదే జాన్ లైనింగ్ అనే డాక్టరుకు రాసిన ఉత్తరంలో ఆయన పెన్సిల్వేనియా కోతకూలీల మాట ఎత్తాడు. మండే ఎండలో కూడా చెమట పడుతున్నంతసేపు, మధ్యమధ్య తాగుతున్నంతసేపు వాళ్ళు పని చేయగలుగుతున్నారట. చెమట ఆగితే కూలిపోతున్నారు, ఒక్కోసారి అక్కడికక్కడే పోతున్నారు. వాళ్ళు తాగింది రమ్ము కలిపిన నీళ్ళు. ఆ ఒక్కటీ మనం నేర్చుకోవద్దు!

తర్వాత 1762లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఎర్రగా కాలిన ఇనప పలక మీద నీళ్ళ గిన్నె పెట్టాడు. మరగడం మొదలవడానికి 4 నిమిషాలు, మొత్తం ఆవిరైపోవడానికి ఇంకో 20 నిమిషాలు పట్టింది. ఆ 20 నిమిషాలూ సెగ తగులుతూనే ఉన్నా నీళ్ళ వేడి మాత్రం పెరగలేదు. మరి ఆ సెగంతా ఏమైంది? నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చయింది. బడిలో ‘గుప్తోష్ణం’ అని చదివింది ఇదే. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. అంత వేడితో 30 డిగ్రీలున్న 8 లీటర్ల నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు.

1774లో లండన్‌లో డాక్టర్ చార్లెస్ బ్లాగ్డెన్, ఆయన స్నేహితులు సుమారు 127 డిగ్రీల పొడి వేడి గదిలోకి వెళ్ళి, కొన్ని నిమిషాలుండి క్షేమంగా బయటికొచ్చారు. అదే గదిలో పెట్టిన గుడ్లు, మాంసం ముక్క మాత్రం ఉడికిపోయాయి. కానీ ఆవిరి నింపిన గదిలో 50 డిగ్రీల దగ్గరే జార్జ్ ఫోర్డైస్ ఒంటి మీద నుంచి నీళ్ళు ధారగా కారాయి. అందులో చాలా భాగం చెమట కాదు, గదిలోని ఆవిరే మళ్ళీ నీరై ఒంటి మీద దిగింది.

ఎందుకిలా? 1857లో జర్మన్ శాస్త్రవేత్త రూడాల్ఫ్ క్లాసియస్ దీన్ని కణాల లెక్కలో చెప్పాడు. నీటి కణాలన్నీ ఒకే వేగంతో కదలవు. బాగా వేగంగా ఉన్నవి పక్కవాటి పట్టు విడిపించుకుని గాలిలోకి ఎగిరిపోతాయి. మిగిలినవి నెమ్మదివి, అంటే చల్లనివి. మన రంజన్‌లో నీళ్ళు చల్లబడేది కూడా ఇలాగే. అయితే గాలి నిండా ఆవిరి ఉంటే, ఎగిరిన కణాలకు సమానంగా తిరిగొచ్చేవీ ఉంటాయి. అప్పుడు చెమట ఆరదు, ఊరికే కారుతుంది. కారిపోయిన చెమటతో ఒంట్లో నీళ్ళు తగ్గుతాయి తప్ప వేడి తగ్గదు.

ఫోన్‌లో కనిపించే డిగ్రీని ఒక్కదాన్నే నమ్మొద్దని చెప్పేది అందుకే. పొడిగా ఉన్న రోజు 44 కంటే ఉక్కగా ఉన్న రోజు 38 ఎక్కువ ప్రమాదం కావచ్చు. అమెరికా మెరైన్ శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్ళు వడదెబ్బకు పడిపోతుంటే, 1950లలో ఒక కొత్త కొలత తయారు చేశారు. అందులో 10 పాళ్ళలో 7 పాళ్ళు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్‌వే. మిగతా 3 పాళ్ళు ఎండ సెగవి, మామూలు వేడివి. ఖతర్‌లో 2021 నుంచి ఈ కొలత 32.1 దాటితే, ఏ టైమైనా సరే, బయటి పని ఆపాలని రూల్ ఉంది. ఆ 32.1 మామూలు డిగ్రీ కాదని ఇప్పుడు అర్థమైంది కదా.

చివరగా ఒక్క మాట. ఫ్రాంక్లిన్ చెప్పినట్టు చెమట ఆగడం ప్రమాదమే, కానీ చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. పక్కనున్న మనిషి మాట తడబడినా, నడక తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా ఆగి చూడకండి. ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేయించి, నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి గాలి విసరండి. తడిపి గాలి ఊదడం... కేంబ్రిడ్జ్‌లో థర్మామీటర్‌కు చేసింది అదే.