బడి జీతం నుంచి ఫీజు బకాయి వరకు: పొదిలి ప్రాంతంలో చిన్న బడుల వసూళ్లు

పాత తరం తెలుగువారి వాడుకలో విద్యార్థి బడికి కట్టే రుసుముకు ‘జీతం’ అని పేరు. బడి జీతం, కాలేజీ జీతం అనే మాటలు నిన్నమొన్నటి దాకా వినిపించాయి. పని చేయించుకున్నవాడు చేసినవాడికి ఇచ్చేది జీతం. ఆ లెక్కన పిల్లవాడి తండ్రి పోషకుడు, అయ్యవారు అతని చేతి మీద బతికే మనిషి. తర్వాత వచ్చిన ‘ఫీజు’ వ్యక్తికి కాక సంస్థకు చెల్లుతుంది. ఈ పద పరిణామం వెనుక ఒక ఆర్థిక సంబంధం మారింది. మారనిది మాత్రం ఒకటుంది: వసూలు కాని సొమ్ము చివరికి చదువు చెప్పినవాడి నెత్తినే పడడం.

నేటి పశ్చిమ ప్రకాశం ఒకే పాలన కింద ఉన్న నేల కాదు. పొదిలి నెల్లూరు జిల్లాలో, వెంకటగిరి జమీందారీలో ఉండేది. మార్కాపురం కర్నూలు జిల్లాలోది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒక్కటయ్యాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లందరినీ ఆదేశించాడు. వచ్చిన జవాబుల్లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపినది ప్రసిద్ధం. పొదిలి వలెనే వాన మీద ఆధారపడిన ఆ మెట్ట జిల్లాలో అతడు లెక్కించినవి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అంటే బడికి సుమారు పన్నెండుగురు. పిల్లవాడికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాలు ముడుతున్నాయనీ, ఉపాధ్యాయుడి రాబడి ఆరేడు రూపాయలు దాటడం లేదనీ మన్రో 1826లో రాశాడు. ఈ రెండు లెక్కలనూ కలిపి చూడాలి. పన్నెండుగురూ తప్పక ఇస్తే అయ్యవారికి వచ్చేది మూడు నుంచి ఆరు రూపాయలు. ముగ్గురు ఎగవేస్తే పావు వంతు రాబడి పోయినట్టే. వీధిబడిని స్వర్ణయుగంగా కీర్తించే రచనలు బడుల సంఖ్యను చూపినంత ఉత్సాహంగా ఈ లెక్కను చూపవు. బడులు మూతపడడానికి దేశం క్రమంగా పేదదవడమే కారణమని క్యాంప్‌బెల్ స్వయంగా రాశాడు.

ఈ లోటును పూడ్చిన మార్గాల్లో ముఖ్యమైనది దసరా. అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని, వారి చేతికి విల్లంబులిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగేవారు. ఆ పద్యాల్లో గురువుకు వరహాలనూ, పిల్లలకు పప్పుబెల్లాలనూ వేరువేరుగా అడుగుతారు. సాహిత్య చరిత్రలో దీనిని వేడుకగా చూడడం పరిపాటి. నిజానికి ఇది వసూలు పద్ధతి కూడా. అడిగేది గురువు కాదు, పిల్లవాడు. అడిగేది బాకీ కాదు, పండుగ కానుక. ఇచ్చేవాడి మర్యాదా, పుచ్చుకునేవాడి మర్యాదా రెండూ నిలిచేవి. ఏడాది పొడవునా చేయి తడవని ఇంటివారు సైతం ఊరందరి ఎదుట ఆ రోజు కాదనలేరు.

19వ శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చిన గ్రాంటుల వ్యవస్థ, ఆపై బోర్డు బడులు అయ్యవారిని చాలావరకు ఈ పరిస్థితి నుంచి తప్పించాయి. ఇరవయ్యో శతాబ్ది చివరి దశకాల్లో ఇంగ్లీషు మీడియం ఆశతో గ్రాంటు లేని ప్రైవేటు బడి చిన్న పట్టణాల్లో వేళ్లూనింది. 1994 జనవరి 1న వెలువడిన 1వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వసూలైన ఫీజులో సగం జీతాలకు, 5 శాతం యాజమాన్యానికి అని పంచింది. ‘వసూలైన’ అన్న మాటే ఇక్కడ కీలకం. రానిది పంపకంలోకి రాదు. కాబట్టి బకాయి పెరిగిన కొద్దీ జీతాల సగం కుంచించుకుపోతుంది. 2021 ఆగస్టులో వచ్చిన 53వ నంబరు ఉత్తర్వు గ్రామ పంచాయతీల్లో ప్రాథమిక తరగతులకు 10,000, ఉన్నత పాఠశాల తరగతులకు 12,000 రూపాయలను వార్షిక ఫీజుగా నిర్ణయించింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దానిని కొట్టివేసింది.

ఈ వివాదమంతా మొత్తం చుట్టూ తిరిగింది. పొదిలి వంటి చోట మొత్తానికి తీసిపోని చిక్కు సమయం. ఇక్కడి రైతు చేతికి డబ్బు ప్రధానంగా పొగాకు వేలంతో వస్తుంది. ఆ వేలాలు వేసవి ముందు మొదలై బడి తెరిచే రోజుల దాకా సాగుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో నాట్లు, ఎరువులు, కూలీలతో డబ్బు ఇంటి నుంచి బయటికి పోతుంది. టర్మ్ ఫీజు చీటీ మాత్రం ఆ కాలంలోనూ ఇంటికి వస్తుంది. ఆ చీటీని తీసుకొచ్చేది పిల్లవాడే. పూర్వం పండుగ పద్యంతో వెళ్లినవాడు ఇప్పుడు బకాయి చీటీతో వెళ్తున్నాడు. ఈ మార్పు చిన్నది కాదు.

బకాయి రాబట్టడానికి చిన్న బడికి మిగిలిన సాధనాలు పరీక్ష, హాల్‌టికెట్, టీసీ. ఇవన్నీ పిల్లవాడిని తాకేవే. ప్రాథమిక విద్యలో టీసీని వెంటనే ఇవ్వాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. పదో తరగతి హాల్‌టికెట్‌ను విద్యార్థులు ఇప్పుడు నేరుగా వెబ్‌సైటు నుంచే తీసుకుంటున్నారు. పిల్లల పక్షాన ఇవి న్యాయమైన ఏర్పాట్లు. ఉపాధ్యాయుడి పక్షాన ఇలాంటిది ఏదీ రాలేదు. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడి ఫీజులు ఆగినప్పుడు, చాలా ప్రైవేటు బడుల్లో మొదట ఆగినవి జీతాలే. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. నగదుకు ధాన్యం తోడైన ఆ సాయం వీధిబడి అయ్యవారి రాబడిని గుర్తుకు తెస్తుంది.

2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అమ్మ ఒడి, 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం ప్రైవేటు బడుల పిల్లలకూ వర్తించాయి. ఆ సొమ్ము చేరేది తల్లి ఖాతాలోకి. అది బడి దాకా రావాలంటే, అరుగు మీది అయ్యవారికి వలెనే నేటి కరస్పాండెంటుకూ ఇంటివారి చేయి కదలాలి.