వెనుకబడిన బిడ్డకు వీధి అరుగు

ఉగాదినాడు వేపపూవు పచ్చడి తిని పంచాంగము వినుటకు కూర్చుందుము. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని ఎవరి రాశిని వారు చూచుకొందురు. కాని బడికి పోవు పిల్లలున్న ఇండ్లకు ఇంచుమించు ఈ దినములలోనే మరియొక పంచాంగము వచ్చును. అది మార్కుల కాగితము. అందు అవమానము పాలు హెచ్చుగా నున్నచో ఆ ఇంట పండుగ కళ యుండదు. తండ్రికి కోపము, తల్లికి దిగులు, బిడ్డకు నోట మాట రాదు. మరునాటి నుండి వెదకులాట మొదలగును. ఎవరి వద్ద ట్యూషను పెట్టవలెను? నెలకెంత ఇచ్చుకొనవలెను? అసలు వీనికి చదువు వచ్చునా?

ఈ వెదకులాట మనతో పుట్టినది కాదు. తెలుగునాడు విడిచి ఈ దక్షిణదేశమున స్థిరపడిన మన పూర్వులకును ఈ చింత యుండెను. వారు దానిని ఎట్లు తీర్చుకొనిరో, ఎక్కడ తీర్చుకొనలేకపోయిరో తెలిసికొన్నచో మనకు కొంత దారి కనబడును.

మధురలో మన చరిత్ర పాతది. విజయనగర ప్రభువుల తరఫున విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున ఇక్కడ అధికారము నెలకొల్పినది మొదలు 1736 వరకు నాయకరాజుల పాలన సాగెను. వారి వెంటను, వారి తరువాతను సైనికులు, రైతులు, నేతగాండ్రు, వర్తకులు, పండితులు వచ్చి ఊళ్ళు కట్టుకొనిరి. విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగు వచనమున శ్రీరంగ మాహాత్మ్యము, మాఘ మాహాత్మ్యము రచించెను. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నోబిలి అను ఇటలీదేశపు పాదిరి అరవముతో పాటు తెలుగును, సంస్కృతమును నేర్చెను. ఆయనకు సంస్కృతము చెప్పినవాడు శివధర్మ అను తెలుగు బ్రాహ్మణుడు. సముద్రములు దాటి వచ్చిన పండితునకు సైతము ప్రక్కన కూర్చుండి చెప్పువాడు ఒకడు కావలసి వచ్చెనన్నమాట. ఆ పాదిరియే 1610లో వ్రాసిన లేఖలో, మధురలో పదివేలకు మించి విద్యార్థులు కలరనియు, వారు రెండు మూడు వందల చొప్పున వేర్వేరు గురువుల వద్దకు పోవుచుండిరనియు తెలిపెను.

అది పెద్ద చదువు సంగతి. రెండు మూడు వందల మందిలో ఒక్కడు వెనుకబడినచో ఎవరు గమనింతురు? చిన్నపిల్లల చదువు అట్లు కాదు. అది వీధి అరుగు మీద జరిగెడిది. మనము వీధిబడి అన్నదానిని అరవమువారు తిణ్ణై పళ్ళిక్కూడమందురు. మన తిన్నెయే వారి తిణ్ణై. మాట సయితము చుట్టరికముగలదే.

ఈ వీధిబడులను గూర్చి మనకు గట్టి లెక్కలు కలవు. 1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో, ప్రతి జిల్లా కలెక్టరును తన జిల్లాలోని దేశీయ పాఠశాలల వివరములు పంపుమనెను. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ పంపిన పట్టికలో 763 బడులు, 8,206 మంది పిల్లలు కనబడుదురు. అందు అరవము చెప్పునవి 671, కన్నడము 38, తెలుగు 25. తక్కినవి గ్రంథము, హిందుస్తానీ, పారసీ బడులు. మధుర జిల్లాలో 844 బడులు, 13,781 మంది పిల్లలు.

ఈ అంకెలను ఒకసారి భాగించి చూడుడు. కోయంబత్తూరులో ఒక్కొక్క బడికి సగటున పదునొకండుగురు పిల్లలు. మధురలో పదునారుగురు. అందరును అయ్యవారి చేతికి అందునంత దూరములోనే కూర్చుందురు. నేటి మాటలో చెప్పవలెనన్న అది బడి కాదు, ట్యూషనే. ఇరువది అయిదు తెలుగు బడులనగా, రెండువందల యేండ్ల క్రిందట కోయంబత్తూరు సీమలో తెలుగువారి బిడ్డకు తల్లి మాటలోనే ఓనమాలు దిద్దించు అరుగులు ఇరువది అయిదుండెనన్నమాట.

ఆ అరుగు మీద పని ఎట్లు నడచెడిదో తెలుపు నివేదిక బళ్ళారి నుండి వచ్చినది. అక్కడి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తెలుగు నేర్చినవాడు; 1816లోనే తెలుగు వ్యాకరణము అచ్చు వేయించినవాడు. బళ్ళారిలో తెలుగు, కన్నడ బడులు రెండును ఉండెను. ఆయన 1823లో వ్రాసినదేమనగా: తెల్లవారి బడికి మొదట వచ్చిన వాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. వానికి పొగడ్తయు లేదు, తెగడ్తయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ; ఆ తరువాత వచ్చినవారికి దెబ్బలు పెరుగుచు పోవును. పిల్లలను తెలివిని బట్టి జట్లుగా విడదీసి, క్రింది జట్లను కొంతవరకు పెద్ద పిల్లలకు అప్పగింతురు. పెద్దవాడు చిన్నవానికి చెప్పును; చెప్పుచు తన చదువు తాను గట్టిపరచుకొనును. ఈ పద్ధతి మెచ్చదగినదనియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగియున్నదనియు క్యాంబెల్ వ్రాసెను.

ఇంగ్లండు అనుకరించిన కథ యిది. ఆండ్రూ బెల్ అను పాదిరి 1789 నుండి 1796 వరకు చెన్నపట్టణము ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాలను నడపెను. ఒకనాడు ఆయన మన వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచెను. మనము గుంట ఓనమాలు అందుమే, అదియే. తన బడిలోను అట్లు చేయింపుడని ఉపాధ్యాయులతో చెప్పగా వారు మొగము చిట్లించిరి. అంతట ఆయన ఎనిమిదేండ్ల బాలునొకనిని పిలిచి అక్షరముల తరగతిని వానికి అప్పగించెను. పెద్దలకు చేతగాని పని ఆ పసివాడు చేసి చూపెను. తరువాత బెల్ పిల్లలను ఇద్దరిద్దరిగా జత కూర్చెను: తెలిసినవాడు గురువు, తెలియనివాడు శిష్యుడు. 1797లో లండనులో ఆయన దీనిని గూర్చి పుస్తకము ప్రకటింపగా అది మద్రాసు పద్ధతి అను పేర వ్యాపించెను. మన అరుగు మీది మెలకువ ఓడయెక్కి పోయి పేరు తెచ్చుకొనెను. మనము మాత్రము దానిని మరచితిమి.

ఇట్లని వీధిబడిని స్వర్గముగా వర్ణించుట సత్యము కాదు. బెత్తము, కోదండము, గుంజీళ్ళు తలచుకొన్న ముసలివారు నేటికిని తొడలు తడుముకొందురు. అర్థము తెలియకయే పద్యములు వల్లించుచున్నారని క్యాంబెల్ కూడ నొచ్చుకొనెను. బీదతనమువలన, లేత చేతులకు ఏ కొంచెము పని అందినను బిడ్డలను బడి మాన్పించుచున్నారని ఆయన వ్రాసెను. సీమగుడ్డ వచ్చి మన నేతగాండ్ర బ్రతుకు చితికిపోయిన సంగతిని గూడ ఆయన దాచలేదు. ఇక రాజధాని మొత్తము మీద బడికి పోవు 1,88,650 మందిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. ఇంట తెలుగే మాటలాడు అరుంధతీయుల బిడ్డలకు ఆ అరుగు మెట్టెక్కుటకే వీలులేకుండెను. వెనుకబడిన బిడ్డ అనునప్పుడు, వెనుకకు నెట్టబడిన బిడ్డను గూడ మనము తలచుకొనవలెను.

తరువాత కాలము మారినది. 1888లో కోయంబత్తూరున మొదటి నూలు మిల్లు నెలకొనెను. పిమ్మట తెలుగు కుటుంబములును ఆ రంగమున అడుగుపెట్టినవి. కుప్పుస్వామినాయుడు 1910లో లక్ష్మీ మిల్లు స్థాపించెను. పీళమేడులో 1924లో సర్వజన పాఠశాల వెలసెను. పి. ఎస్. గోవిందస్వామినాయుడు గారి నలుగురు కుమారులు 1926లో ఆస్తి పంచుకొనునప్పుడు దానిని నాలుగు భాగములు కాక అయిదు భాగములు చేసి, అయిదవది ధర్మమునకు విడిచిరి. ఆ అయిదవ వాటాతో ఎన్ని వేల పిల్లలు చదివిరో కోయంబత్తూరువారికి చెప్పనక్కరలేదు.

ఆ ఊరివాడే జి. డి. నాయుడుగారు. 1893లో కలంగల్ గ్రామమున తెలుగు రైతు ఇంట పుట్టెను. బడి ఆయనకు పడలేదు, బాల్యములోనే విడిచెను. ఆ నాటి మార్కుల కాగితము చూచినచో ఎవరేమందురో ఊహింపవచ్చును. కాని పుస్తకము విడువలేదు, పనిముట్టు విడువలేదు. 1920లో పొల్లాచి పళని దారిని బస్సు నడిపెను. తరువాత యంత్రములు చేసెను. 1945లో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయములు నెలకొల్పుటకు పూనుకొనెను. బడిలో నిలువని బిడ్డ కళాశాల నిలిపెను. అయితే అందరు బిడ్డలును జి. డి. నాయుడులు కారు. దారి తానే వెదకుకొనలేని బిడ్డకు చేయి పట్టువాడు ఒకడు కావలెను.

ఇచట నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పుదును. కోయంబత్తూరు మిల్లు వీధిలో మా కాపురము. మూడవ తరగతిలో నాకు లెక్కలలో వరుసగా సున్నలు వచ్చుచుండెను. వీని తలలో మట్టియున్నదని బడిలో తేల్చిరి. నాయన బెత్తము తీసెను. ఎదురింటి మామ మిల్లులో పనివాడు. ఒకనాడు షిఫ్టు దిగి వచ్చి, మా అరుగు మీద కూర్చుండి నా పలక అడిగి తీసికొనెను.

"తొంభైలో పది పోతే ఎంతరా?" అనెను.

"ఎనభై" అంటిని.

"సరే, తొణ్ణూరు అని వ్రాయి" అని అరవమున చెప్పెను. నేను 900 వ్రాసితిని. "తొళ్ళాయిరం వ్రాయి" అనెను. నేను 9000 వ్రాసితిని.

మామ పకపక నవ్వెను. అరవమున తొణ్ణూరనగా తొంభై. తెలుగు చెవికి అది తొమ్మిది నూర్లు. తొళ్ళాయిరమనగా తొమ్మిది వందలు. ఆయిరమనగా వేయి యని తెలిసిన బిడ్డకు అది తొమ్మిది వేలు. ఆయన మా అమ్మను కేకవేసి, "అక్కా, వీనికి లెక్క రాక కాదే, మాట తెలియక!" అనెను. ఆ మాటతో నా తల మీది మట్టి దిగిపోయెను. రెండు నెలలు ప్రతిదినము అరగంటసేపు ఆయన రెండు భాషలలో ఎక్కాలు చెప్పించెను. జీతము పుచ్చుకొనలేదు. పండుగకు అమ్మ ఇచ్చిన బొబ్బట్లు మాత్రము కాదనలేదు.

మన ప్రవాసపు బిడ్డ కష్టమంతయు ఈ కథలో నున్నది. ఇంట తెలుగు మాట, కాని అక్షరము లేదు. వీధిలో అరవము. పుస్తకములో ఇంగ్లీషు. 2006లో తమిళనాడు ప్రభుత్వము చేసిన తమిళ విద్యా చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతి పెరుగుచు 2015–16 నాటికి పదవ తరగతికి చేరెను. తెలుగు మొదలగు భాషలవారు మినహాయింపు కొరకు న్యాయస్థానములకెక్కిరి. 2023లో సుప్రీంకోర్టు ఆ యేటి పరీక్షకు మినహాయింపు నిచ్చెను. తీర్పులు రావచ్చును, పోవచ్చును. తమిళము మనకు అన్నము పెట్టిన నేల మాట. దానిని బిడ్డ చక్కగా నేర్వవలసినదే. కాని తెలియని మాటను తెలివితక్కువగా ఎంచు తప్పును మనము చేయరాదు.

అరుగు చదువు నేటికిని పనిచేయునా అని సందేహింపనక్కరలేదు. కోవిడువలన బడులు మూతపడి పిల్లలు వెనుకబడగా, తమిళనాడు ప్రభుత్వము 2021 అక్టోబరులో ఇల్లం తేడి కల్వి అను పథకము ప్రారంభించెను. ఇల్లు వెదకుకొని వచ్చు చదువు అని దాని యర్థము. ఊరిలోని స్వచ్ఛంద సేవకులు, సాయంకాలము గంట, గంటన్నర సేపు, ఒకటి నుండి ఎనిమిది తరగతుల పిల్లలకు ఇంటి దాపుననే చెప్పిరి. పరిశోధకులు పల్లెలలో సుమారు 19,000 మంది పిల్లలను పరీక్షించి చూడగా, బడులు తెరచిన ఆరు నెలలకు, పోయిన చదువులో మూడింట రెండు పాళ్ళు తిరిగి వచ్చెనని తేలినది. ఆ కోలుకొన్నదానిలో ఇంచుమించు నాలుగవ పాలు ఈ సాయంకాలపు చదువు వలననే. పెద్ద పట్టములవారు కాదు, ప్రక్కింటివారు చెప్పిన చదువది.

కాబట్టి ట్యూషను వెదకు తల్లిదండ్రులకు మనవి. ముందు గురువును కాదు, తొట్రుపాటును వెదకుడు. పాఠము అరవమున చదివించి, తెలుగున చెప్పుమనుడు. లెక్కను నోట అడిగి, పిమ్మట వ్రాయింపుడు. నోట వచ్చి వ్రాతలో రానిచో లోపము లెక్కలో లేదు. కన్ను సరిగా కనబడుచున్నదో లేదో చూపింపుడు. బడి పంతులుగారితో కోపము లేక ఒకమారు మాటలాడుడు. పిమ్మట, నలుగురైదుగురికి మించని గుంపులో, బిడ్డ ఇంటిమాట తెలిసినవారి వద్ద కూర్చుండబెట్టుడు. ఇంటి పెద్ద పిల్లచేత చిన్నవానికి చెప్పింపుడు, ఇద్దరికిని మేలు.

నేటి ఇండ్లకు అరుగులు లేవు. కాని మన సంఘమునకు హాలున్నది. సంవత్సరమునకొక దినము పులిహోర పొట్లములకే కాక, సాయంకాలము ఒక గంట దాని తలుపులు తెరచినచో చాలును. మనలో ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయులు, లెక్క తెలిసిన మిల్లు పనివారు, కళాశాలలో చదువు ఆడపిల్లలు ఎందరో కలరు. ఏ వాడ బిడ్డయైనను, ఏ కులపు బిడ్డయైనను మెట్టెక్కి రావచ్చునని మొదటి దినముననే చెప్పవలెను. పాత అరుగుకు లేని గొప్ప అదియే కావలెను. మొదట వచ్చిన బిడ్డ అరచేత సరస్వతి పేరు వ్రాయుదము. కడపట వచ్చిన బిడ్డకు దెబ్బ వద్దు. ప్రక్కన చోటు చూపుదము.

ఈ క్రొత్త యేట మన పిల్లల రాశిలో అవమానము తగ్గి, రాజపూజ్యము హెచ్చునుగాక.