దోమ కడుపులో దొరికిన చరిత్ర

సబా అల్ సలేంలో శుక్రవారం అంటే ఇంటికి వీడియో కాల్. "బాగా చదువుతున్నావా?" అంటే మా వాడు "ఊ" అంటాడు. అంతే, ఫోన్ వాళ్ళమ్మ చేతికి. మీ ఇంట్లోనూ ఇంతేనా? మొన్న నేను వేరేగా మొదలుపెట్టాను: "ఒరేయ్, మన సికింద్రాబాద్‌లో ఒకాయన దోమల కడుపులు కోసి చూశాడు, తెలుసా?"

"ఛీ!" అన్నాడు. కానీ ఫోన్ వదల్లేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? చందమామలో శవాన్ని మోసే విక్రమార్కుడి కథలు భయపడుతూనే చదివాం. తనకేమీ కాదని తెలిస్తే పిల్లాడు భయాన్నీ, అసహ్యాన్నీ దగ్గరికెళ్ళి మరీ చూస్తాడు.

కథలోకొద్దాం. 1897 ఆగస్టు. రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమల్ని కోసేటప్పుడు గాలికి ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నాడు. చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆ ఉక్కపోత సంగతి మనకి వేరే చెప్పాలా! ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది.

"మరి హుస్సేన్ ఖాన్‌కి ఏమిచ్చారు నాన్నా?"

"పది దోమలకి పది అణాలు."

"అంతేనా?"

"ఛీ"తో మొదలైనవాడు ఆ మాట దాకా వచ్చాడు. నెత్తురిచ్చినవాడి లెక్క అడిగాడు. ఆ రోజు ఫోన్ వాళ్ళమ్మ చేతికి వెళ్ళేసరికి చాలాసేపు పట్టింది.